లోవమ్మ కోళ్లు లోపలున్న రోజులు

లోవమ్మ నోరు ఊరుకున్న రోజు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో కాలువ వంతెన దాటి, ఎడమచేతి వైపు తిరిగితే వచ్చే వీధికి ఆవిడ గొంతే ఆనవాలు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్‌కు ఇల్లు చెప్పాలంటే, ఆ గొంతు వినపడ్డాక రెండో ఇల్లనో, వినపడకముందు మూడోదనో చెప్పేవారు. మనిషి చూస్తే పొట్టిగా, బక్కగా ఉంటుంది. అంత మాట ఆ ఒంట్లో ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

భర్త చంద్రరావు నోట్లో నాలుక లేని మనిషి. కాస్త వరిచేను, గట్ల మీద కొబ్బరిచెట్లు చూసుకుంటాడు. ఇంట్లో మాట్లాడవలసినదంతా ఆవిడే మాట్లాడేస్తుంది కాబట్టి ఆయనకు ఆ అవసరం పెద్దగా రాలేదు. వాళ్లకు పిల్లలు లేరు. కోళ్లున్నాయి.

ఆ కోళ్లు లోవమ్మ పుట్టింటి ఆస్తి. కాపురానికి పంపేటప్పుడు తల్లి ఇత్తడి బిందెతో పాటు ఒక పెట్టను కూడా బుట్టలో పెట్టి ఇచ్చింది. ఇప్పుడు పెరట్లో తిరిగేవన్నీ ఆ పెట్ట సంతానమేనని లోవమ్మ చెబుతుంది. తెల్లారగానే గంపలు ఎత్తేస్తుంది. అంతే, సాయంత్రం దాకా అవి ఎక్కడ ఉండేదీ ఎవరూ అడగరు. ఒకరింట్లో బియ్యం కడిగిన చోట, ఇంకొకరి ఎరువుకుప్ప మీద, మరొకరి అరుగు కింద తిరిగి తిరిగి పొద్దు వాలే వేళకు ఆవిడ "బా... బా..." అని పిలవగానే రెక్కలు విప్పుకుని పరుగున వచ్చేస్తాయి. వాటికి గోడలూ హద్దులూ తెలియవు. చెప్పే ప్రయత్నం కూడా లోవమ్మ ఎప్పుడూ చేయలేదు.

పక్కింటి మాణిక్యాంబకు మాత్రం హద్దులంటే ప్రాణం. వాకిలి ఊడ్చి, ఊడ్చిన వాకిలిని నడుం మీద చెయ్యి వేసుకుని చూసి, నచ్చక మళ్లీ ఊడ్చే మనిషి ఆవిడ. కోడి ఈక కాలికి తగిలితే కాళ్లు కడుక్కునేది. భర్త పొద్దున్నే సామర్లకోట మిల్లుకు పోతే రాత్రికి గానీ రాడు. కూతురిని పెనుగొండలో ఇచ్చారు. ఇంట్లో ఆవిడా, ఒక పాడిగేదే. ఇంత శుభ్రం మనిషికీ, అన్ని కోళ్లున్న మనిషికీ స్నేహం ఎలా కుదిరిందో గానీ, ఒకప్పుడు ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కారు. ఊరగాయలు కలిసి పెట్టేవారు. శివరాత్రికి కుక్కుటేశ్వరుడి గుడికి కలిసే నడిచి వెళ్లేవారు. వదినా అంటే వదినా అనుకునేవారు.

మూడేళ్ల కిందట, కూతురికి పంపాలని మాణిక్యాంబ డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. లోవమ్మ కోళ్లు మెట్లెక్కి వెళ్లి చీర మీద ఒక్క వడియం మిగల్చకుండా చిందరవందర చేశాయి. మాణిక్యాంబకు అసలే ముక్కు మీద కోపం. గోడ దగ్గరకు వచ్చి, "పిల్లల్లేకపోబట్టి కోళ్లని నెత్తికెక్కించుకున్నావు" అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది, కానీ మాట వెళ్లిపోయింది. లోవమ్మ ఆ రోజు అరవలేదు. తగువులో గెలవడం తప్ప ఓడడం తెలియని మనిషి ముఖం పాలిపోయి నిలబడింది. ఆఖరికి, "నువ్వు నోరు తెరిచి వదినా అని పిలిచేదాకా నేను నీతో మాట్లాడను" అని లోపలికి వెళ్లిపోయింది.

మాటలు మానేశారన్న మాటే గానీ మాట్లాడుకోవడం మానలేదు. లోవమ్మ కోడితో మాట్లాడేది, మాణిక్యాంబ గేదెతో మాట్లాడేది. మధ్యలో నడుమెత్తు గోడ. గోడ మీదికెక్కిన పుంజును చూసి లోవమ్మ, వాళ్లింటికి వెళ్లకు, అక్కడ అడుగు పెట్టాలంటే నాలుగుసార్లు స్నానం చేయాలి అని గట్టిగా చెప్పేది. మాణిక్యాంబ గేదె మెడ నిమురుతూ, కొందరి ఇళ్లలో చీపురు ఎందుకు కొంటారో తెలియదే అనేది. ఇలా పోట్లాడుకోవడమే కాదు, అవసరమైన సంగతులు కూడా అదే దారిలో నడిచేవి. చంద్రరావుకు జ్వరం తగ్గనప్పుడు, పిఠాపురం బస్టాండు దగ్గర డాక్టరు హస్తవాసి మంచిదని మాణిక్యాంబ తన గేదెకు చెప్పింది. ఆ సాయంత్రమే లోవమ్మ మొగుణ్ణి అక్కడికి తీసుకెళ్లింది. గేదె పాలు తగ్గించినప్పుడు, మినపపొట్టు నానబెట్టి పెట్టాలని లోవమ్మ ఒక పెట్టకు పాఠం చెప్పింది. గేదె మళ్లీ పాలిచ్చింది. వీధిలో వాళ్లు ఇది చూసి నవ్వుకునేవారు. వాళ్లిద్దరూ మాత్రం ఎవరూ తగ్గలేదన్న తృప్తితో రోజులు గడిపేస్తున్నారు.

లోవమ్మకు ఒక చుక్కల పెట్ట ఉండేది. దానికి సొంతింట్లో గుడ్డు పెట్టడం నామోషీ. ఎప్పుడూ మాణిక్యాంబ గేదెలపాకలో, అటక మీద గడ్డిలోనే పెట్టేది. మాణిక్యాంబ ఆ గుడ్లను చీర చెంగుతో పట్టుకుని తెచ్చి గోడ మీద పెట్టి, గేదెతో రెండు విసుర్లు విసిరి వెళ్లిపోయేది.

అలా ఉండగా 2006 ఫిబ్రవరిలో టీవీల్లో బర్డ్‌ఫ్లూ మొదలైంది. మహారాష్ట్రలో కోళ్లను చంపి గోతుల్లో పూడుస్తున్నారని పొద్దస్తమానం చూపించారు. చికెన్ కొట్లు వెలవెలబోయాయి. పెళ్లిళ్లలో వంకాయ కూరకు ఎన్నడూ లేని మర్యాద వచ్చింది. చంద్రరావు రోజూ ఉదయం ఇష్టంగా తినే అట్టు మీద గుడ్డు కొట్టుకోవడం మానేసి, అట్టునే అనుమానంగా చూస్తూ తినేవాడు. శివుడు కోడి రూపంలో వెలసిన క్షేత్రం పక్కనే ఉండగా మన కోళ్లకు జబ్బేమిటని ఊరి పెద్దలు తేలిగ్గా కొట్టి పారేశారు. కొట్టి పారేసి, ఎందుకైనా మంచిదని వెళ్లి కొబ్బరికాయలు కొట్టి వచ్చారు.

ఇంతలో పక్క మండలంలో ఎవరి ఫారంలోనో కోళ్లు వరసగా చచ్చాయని కబురొచ్చింది. శాంపిళ్లు పరీక్షకు పంపారు. ఆ రిజల్టు వచ్చేదాకా చుట్టుపక్కల ఊళ్లలో పెరటికోళ్లను కూడా బయటికి వదలకూడదని ఆటోకు మైకు కట్టుకుని చాటించారు. పశువుల డాక్టరు ప్రసన్నకుమార్ ఇంటింటికీ తిరిగాడు. కుర్రవాడే గానీ నెమ్మదస్తుడు, ఎవరి మీదా గొంతు పెంచడు. కోళ్లను మూసిన చోట ఉంచాలని, పిట్టలూ కాకులూ వాటి మేతలో వాలకూడదని, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలని ఓపికగా చెప్పాడు. ఏదైనా చచ్చినా, కనపడకుండా పోయినా దాచకుండా తనకు కబురు చేయమన్నాడు. జబ్బు మన ఊళ్లో తేలితే ఏం చేస్తారని లోవమ్మ అడిగింది. ఊళ్లో కోళ్లన్నీ తీసేయాల్సి వస్తుందండి అని ఆయన తల దించుకుని చెప్పాడు. లోవమ్మ పెరట్లో తిరిగే కోళ్ల వంక చూసింది. అమ్మ బుట్టలో పెట్టి ఇచ్చిన పెట్ట వంశం మొత్తం ఆ ఒక్క మాట మీద వేలాడుతోంది.

ఇక ఆవిడ నడుం బిగించింది. పెరటి చివర ఖాళీగా ఉన్న పాకను ఊడ్చి, చేపలు అమ్మడానికి ఉప్పాడ నుంచి వచ్చే నాగదుర్గను బతిమాలి పాత వల తెప్పించింది. పాక చుట్టూ ఆ వల బిగించి కట్టింది. నాగదుర్గ చూసి, చేపలు బయటికి పోకుండా కట్టే వల ఇప్పుడు కాకులు లోపలికి రాకుండా కడుతున్నారని ఒకటే నవ్వు. సాయంత్రం "బా... బా..." అని పిలిచి, వచ్చిన కోళ్లన్నిటినీ పాకలోకి తోలి తడిక వేసేసింది.

మర్నాడు పొద్దున్న పాకలో రణరంగం. పుట్టి బుద్ధెరిగి పగటిపూట మూసిన చోట ఉండి ఎరగని కోళ్లు అవి. పుంజు తెల్లారిందో లేదో తెలియక నడిమధ్యాహ్నం కూడా కూసింది. పెట్టలు ఒకదాన్నొకటి పొడుచుకుని మెడ మీద ఈకలు పీకేసుకున్నాయి. తోచక పొడుచుకుంటున్నాయని లోవమ్మ గ్రహించింది, ఎందుకంటే ఆవిడకూ తోచడం లేదు. తోటకూర కట్టలు తాడుతో వేలాడదీసింది, ఎగిరి ఎగిరి అందుకోవడంలో వాటికి పొద్దు గడిచేట్టు. పగిలిన బానలో పొయ్యి బూడిద పోసి పెట్టింది, అందులో పొర్లి ఒళ్లు దులుపుకునేట్టు. తవుడు ఒకసారి, చిట్టు ఒకసారి. ఇదంతా అయ్యాక చెప్పులు విడిగా వదిలి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గానీ ఇంట్లోకి వచ్చేది కాదు. రోజూ తోటకూర కోసుకొచ్చే పని చంద్రరావుది. తన పెళ్లిలో కూడా తనకు ఇంత మర్యాద జరగలేదని ఆయన అన్నాడు. ఏడాదికి సరిపడా మాటలు ఆ రోజే మాట్లాడేశాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, చుక్కల పెట్ట తప్ప. తోలిన సాయంత్రం కూడా అది రాలేదు. రెండు వారాలుగా దాని గుడ్లు గోడ మీదికి రాకపోవడం, రాత్రిళ్లు అదీ అటే ఉండిపోవడం చూసి, పొదుగుకు కూర్చుందనే లోవమ్మ అనుకుంది. పొదిగే కోడైనా రోజుకోసారి మేతకు దిగాలి కదా అని చూసింది. దిగలేదు. లోవమ్మ గోడ దగ్గర మునివేళ్ల మీద లేచి, మాణిక్యాంబ వాళ్ల గేదెలపాకలోకి తొంగి చూసింది. అటక మీద గడ్డి తీసేసి ఉంది, శుభ్రంగా, కడిగినట్టు. అక్కడ కోడి లేదు, గుడ్లు లేవు.

కుక్క పట్టుకుపోయిందా, ముంగిస తినేసిందా? జబ్బుతో ఏ పొదలోనో పడి చచ్చిందా? ఆ చివరిదే అయితే ఊళ్లో కోళ్లన్నీ గోతిలోకి పోతాయి, దానికి కారణం తన పెట్ట అవుతుంది. డాక్టరు మళ్లీ వచ్చి అన్నీ ఉన్నాయా అని అడిగినప్పుడు, ఉన్నాయండి బాబూ అని అబద్ధమాడింది. ఆడిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు.

అంతకంటే ఎక్కువగా బాధించింది ఇంకొకటి. గోడ అవతల ఒక్క మాట లేదు. కోళ్లు లోపలుంటే లోవమ్మకు గోడ దగ్గర పని లేదు. పని లేకపోయినా రెండుసార్లు వెళ్లింది. ఉత్త గాలితో, ఈ వీధిలో కోడి పోయినా అడిగే దిక్కు లేదు అంది. అవతల గేదె ఉంది, మాణిక్యాంబ ఉంది, చేతికి ఏదో గుడ్డ చుట్టుకుని పిడకలు చేస్తోంది. తల ఎత్తలేదు. గేదెతో కూడా ఏమీ అనలేదు. గబగబా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కోళ్ల జబ్బుకు భయపడి తనను చూసినా పారిపోతోందనుకుని లోవమ్మ కళ్లు చెమర్చాయి. మూడేళ్లుగా లేని వెలితి ఇప్పుడొచ్చి పడింది. ఇంతకాలం ఆ మనిషితో మాట్లాడడం లేదని మురిసిపోయింది గానీ, మాట్లాడుతూనే ఉన్నానని అప్పుడు గానీ తెలియలేదు.

నాలుగు రోజులు పోయాక చంద్రరావుతో చెప్పింది. ఈసారి డాక్టరు వస్తే నిజం చెప్పేస్తాను, ఊరందరి కోళ్లూ నా నోటి మీద ఉన్నాయి, దాచడం పాపం అంది. చంద్రరావు చాలాసేపు ఆలోచించి, చెప్పేయి లోవా, నేను పక్కనే ఉంటాను అన్నాడు. ఆ మాటతో ఆవిడకు సగం బరువు దిగింది.

డాక్టరు పదిగంటల వేళ మోటారు సైకిలు మీద వచ్చాడు. పాక చుట్టూ తిరిగి, వల చూసి, వేలాడే తోటకూర చూసి, ఇంత బాగా ఎవరూ పెట్టలేదండి అని మెచ్చుకున్నాడు. లోవమ్మ ఆ మెప్పు వినే స్థితిలో లేదు. పక్కన చంద్రరావు నిలబడి ఉండగా, చెంగు నలుపుకుంటూ, ఒక సంగతి చెప్పాలి బాబూ అని మొదలుపెట్టింది. అంతలో పక్కింట్లోంచి కిచకిచమని సన్నటి గోల వినపడింది. ఒకటి కాదు, బోలెడు. వాటి మీద గుర్రుమంటున్న తల్లి గొంతు. ఆ గొంతు లోవమ్మ ఎక్కడున్నా గుర్తు పడుతుంది.

డాక్టరు కూడా విన్నాడు. ఆ ఇంట్లో కోళ్లు లేవని చెప్పారే అని ఆశ్చర్యపోయి, గేటు వైపు నడిచాడు. గోడ అవతల మాణిక్యాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోళ్లను దాచిపెడితే కేసు పెడతారని ఊళ్లో ఎవరో పుకారు పుట్టించారు. ఆ పుకారు ఆవిడా విన్నట్టే ఉంది.

లోవమ్మకు అప్పుడు కోడీ గుర్తు రాలేదు, పంతమూ గుర్తు రాలేదు. చెప్పి పంపడానికి పక్కన ఒక్క కోడి కూడా లేదు, అన్నీ పాకలో ఉన్నాయి. గోడ మీద రెండు చేతులూ ఆనించి, వీధంతా వినపడేట్టు పిలిచింది.

"వదినా, భయపడకు. డాక్టరుగారొస్తున్నారు. మన చుక్కల పెట్టని చూపించు."

వీధిలో వాళ్లు తమ తమ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. డాక్టరు వైపు తిరిగి లోవమ్మ, అది నాదేనండి, ఇంట్లో చోటు చాలక మా వదిన దగ్గర పొదుగుకు పెట్టించాను, చెప్పడం మర్చిపోయాను, తప్పు నాది అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. ఇదీ అబద్ధమే. కానీ దీనికి అన్నం మానే ఉద్దేశం ఆవిడకు లేదు.

డాక్టరు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. మాణిక్యాంబ కొట్టుగదిలో, చింతపండు నిలవ చేసే పెద్ద గంప కింద, కొత్త గడ్డి మీద చుక్కల పెట్ట దర్జాగా కూర్చుని ఉంది. రెక్కల కింద నుంచి పసుపు ముద్దల్లా పిల్లలు తొంగి చూస్తున్నాయి. పక్కన గిన్నెలో నూకలు, ఇంకో గిన్నెలో నీళ్లు. కిటికీకి దోమతెర కట్టి ఉంది. గది నేల తళతళలాడుతోంది. ఆయన చూసి నవ్వి, తల్లీ పిల్లలూ బ్రహ్మాండంగా ఉన్నాయండి, ఇలాగే ఉంచండి అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ ఫారం శాంపిళ్ల రిజల్టు పొద్దున్నే ఫోన్లో తెలిసిందట. బర్డ్‌ఫ్లూ కాదు, ఏటా వచ్చే కొక్కెర తెగులే. కాగితం మీద ఆర్డరు వచ్చేదాకా కొన్నాళ్లు ఓపిక పట్టి లోపలే ఉంచమన్నాడు.

ఆయన బండి మలుపు తిరిగాక చంద్రరావు ఇంట్లోకి వెళ్లాడు, వీధి మళ్లీ మామూలైంది. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు మిగిలారు. లోవమ్మ మాణిక్యాంబ చేతి గుడ్డ చూసి, అదేంటని అడిగింది. అటక మీంచి దించుతుంటే మీ పెట్ట పొడిచింది అని మాణిక్యాంబ చెప్పింది. ఈక తగిలితే కాళ్లు కడుక్కునే మనిషి, పొదుగు కోడిని గుడ్లతో సహా చేతులతో ఎత్తి కొట్టుగదిలో పెట్టుకుందని తలుచుకునేసరికి లోవమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"చచ్చిందేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోయానే. ఒక్క మాట, ఆ గేదెకైనా చెప్పకపోయావా వదినా?"

మాణిక్యాంబ చెంగు అంచు సరిచేసుకుంది.

"చెప్తే తీసుకుపోతావు. కోళ్లన్నీ లోపలేసుకున్నావు, నువ్విటు రావడం తగ్గిపోయింది. ఆ రోజు అలాంటి మాట అన్న నోటితో నిన్ను వదినా అని ఎలా పిలవను? మూడేళ్ల నుంచి నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇది నా దగ్గరుంటే, దీనికోసమైనా ఎప్పటికో ఒకప్పటికి నువ్వే పిలుస్తావని దాచుకున్నాను."

లోవమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది. ఆ శుభ్రం మనిషి ఎదుట అలా చేసినందుకు లోవమ్మకు సిగ్గనిపించలేదు, మాణిక్యాంబా ముఖం తిప్పుకోలేదు.

"కోడి కోసం పిలవలేదొదినా. డాక్టరు నిన్నేమంటాడోనని గాభరా పడి పిలిచాను."

మాణిక్యాంబ తల ఊపింది. ఆ తర్వాత చాలాసేపు వాళ్లిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. లోవమ్మ గొంతు వినపడక, చంద్రరావు కంగారుగా ఇంట్లోంచి బయటికి వచ్చి చూశాడు.